కొండను కొయ్యకుండా గది కట్టడం ఎలా? పాడేరు కొండల్లో ఒక కాఫీ తోట లెక్కలు



ఈ మధ్య నాకు వస్తున్న ఫోన్లలో సగం జీవామృతం గురించి కాదు, గదుల గురించి. "అన్నా, తోటలో రెండు గదులు కడితే సెలవులకి జనం వస్తారంటున్నారు, నిజమేనా? ఎలా కట్టాలి?" అని. మైదానం వాళ్లూ అడుగుతున్నారు, ఏజెన్సీ వాళ్లూ అడుగుతున్నారు. అందుకే ఈసారి వీడియో పంట మీద కాకుండా కట్టడం మీద చేశాను. వీడియోలో చెప్పడానికి వీలుపడని లెక్కలు, కారణాలు ఇక్కడ రాస్తున్నాను. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదవండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. మాది నర్సీపట్నం దగ్గర పల్లె. వ్యవసాయంలోకి రాకముందు పదకొండేళ్లు బిల్డింగ్ పనుల్లో సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. కాబట్టి సిమెంటు మీద నాకు పగేమీ లేదు. ఏది ఎక్కడ వాడాలో అక్కడ వాడాలి, అంతే. ఈ వ్యాసంలో చెప్పే తోట పాడేరు వైపు కొండ మీద ఉంది. తోట నా మిత్రుడిది, గిరిజన రైతు. మూడెకరాల్లో కాఫీ, మిరియాలు, మధ్యలో పనస, నారింజ, కొంచెం పసుపు. ఇల్లు కింద ఊళ్లో ఉంది, తోట పైన ఉంది. ఊరి పేరు, మనిషి పేరు రాయొద్దన్నాడు, రాయడం లేదు.

ఇప్పుడే ఈ మాట ఎందుకు?

అరకు, పాడేరు, లంబసింగి, వంజంగి పేర్లు ఇప్పుడు అందరికీ తెలిసినవే. 2017లో విశాఖ నుంచి అరకు రైలుకి అద్దాల బోగీ తగిలించారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. చలికాలంలో మంచుమేఘం చూడటానికి తెల్లవారుజామున వంజంగి కొండ ఎక్కే జనాన్ని మీరు వీడియోల్లో చూసే ఉంటారు. జనం వచ్చాక గదులు కావాలి. గదులు కావాలంటే జేసీబీ వస్తుంది.

మా మిత్రుడి దగ్గరకీ ఒక కాంట్రాక్టరు వచ్చాడు. "మంచి వ్యూ ఉంది. కొండని ఒక పక్క కోసేసి చదును చేద్దాం. ఎనిమిది గదుల శ్లాబు బిల్డింగు. లోను నేను చూసిపెడతా" అన్నాడు. మావాడికి ఇద్దరు పిల్లలు, ఒకరు విశాఖలో చదువుతున్నారు. కాఫీ ధర ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. ఆశపడటంలో తప్పేముంది? నన్ను పిలిచాడు. "అన్నా, నువ్వు ఆ పనులు చేసినోడివి కదా, ఓసారి వచ్చి చూడు" అన్నాడు.

కొండ ఎందుకు జారుతుంది?

ముందు ఇది అర్థం కావాలి. మా తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఉన్న రాయిని ఖొండలైట్ అంటారు. ఇక్కడ ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు పెట్టారు. ఆ రాయికి వేల ఏళ్లుగా వాన, ఎండ తగిలి పైభాగం మెత్తబడిపోతుంది. అదే మనం చూసే ఎర్రమట్టి. పైన మట్టి, కింద సగం కుళ్లిన రాయి, ఇంకా కింద గట్టిరాయి. వాన నీళ్లు మట్టిలోకి దిగి, దిగువన గట్టిరాయి దగ్గర ఆగి, దాని మీద పక్కకి పాకుతాయి. ఆ నీళ్లే కింద ఎక్కడో ఊటగా బయటికొస్తాయి.

మట్టి వాలు మీద నిలబడటానికి రెండు ఆధారాలు ముఖ్యం. ఒకటి చెట్ల వేళ్లు, రెండోది కింద ఉన్న మట్టి పైమట్టికి ఇచ్చే దన్ను. కొండని నిలువుగా కోశామంటే ఆ దన్ను తీసేసినట్టే. కోసిన మట్టిని ముందుకి తోసి చదును చేశామంటే వదులుమట్టి కుప్ప మీద బిల్డింగు పెట్టినట్టే. ఎండాకాలంలో చూడటానికి బాగానే ఉంటుంది. పెద్ద వానకి మట్టి రంధ్రాలన్నీ నీళ్లతో నిండి, బరువు పెరిగి, పట్టు తగ్గిపోతుంది. అప్పుడు జారుతుంది.

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌లో ఇళ్లు బీటలిచ్చిన సంగతి గుర్తుంది కదా. ఆ పట్టణం పాతకాలంలో జారిపడిన శిథిలాల మీద ఉంది, అక్కడ బరువైన కట్టడాలు వద్దు అని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. 2024 జూలై 30న కేరళ వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల దగ్గర కొండచరియలు విరిగిపడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. అక్కడ ప్రధాన కారణం కుండపోత వానే. గది కట్టినందుకే కొండ పడిందని నేను చెప్పడం లేదు. కానీ వాన మన చేతిలో లేదు, కొండని కొయ్యడం కొయ్యకపోవడం మన చేతిలో ఉంది. మనకీ అక్టోబరు తుఫాన్లు ఉన్నాయి. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ మా వైపు ఎవరూ మర్చిపోలేదు. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి.

గది లెక్క కన్నా ముందు నీళ్ల లెక్క

నేను వెళ్లిన రోజు టేపు తియ్యలేదు. 15 లీటర్ల బకెట్ ఒకటి, సెల్‌ఫోన్‌లో గడియారం తీసుకుని ఊట దగ్గరకి వెళ్లాం. తోటకి దిగువన ఒక బండరాయి కింద నుంచి వస్తుంది. దాన్నుంచే పైపు వేసి, కరెంటు మోటారు లేకుండా వాలు మీదే ఊరికి నీళ్లు దింపుకుంటున్నారు. 22 ఇళ్లు, సుమారు 100 మంది.

అది ఏప్రిల్ నెల. బకెట్ నిండటానికి 3 నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి 5 లీటర్లు, గంటకి 300, రోజుకి 7,200 లీటర్లు.

పల్లెల్లో మనిషికి రోజుకి 55 లీటర్లు అని జల్ జీవన్ మిషన్ లెక్క. 100 మందికి 5,500 లీటర్లు. పాతిక పశువులకి తలకి 40 చొప్పున 1,000 లీటర్లు. మొత్తం 6,500. మిగిలేది 700 లీటర్లు.

పట్టణాల్లో మనిషికి 135 లీటర్లు లెక్క కడతారు. వచ్చే అతిథి పట్నం మనిషే. షవరు, ఫ్లష్, దుప్పట్లు ఉతకడం అన్నీ కలిపితే అంతకి తగ్గదు. 700ని 135తో భాగిస్తే ఐదుగురు. ఎనిమిది గదులంటే 16 మంది, 2,160 లీటర్లు. అంటే రోజుకి 1,460 లీటర్లు తక్కువ. ఊరి లెక్కలో చెప్పాలంటే 26 మంది వాటా నీళ్లు.

అక్కడే రాయి మీద కూచుని ఈ లెక్క చెప్పాను. మావాడు "ఏప్రిల్లో ఎవరొస్తారన్నా, జనం వచ్చేది చలికాలం కదా" అన్నాడు. నిజమే. కానీ ఎండలు ముదిరాక కింద నుంచి చల్లదనం కోసం కూడా వస్తారు. పైగా చలికాలంలోనే కాఫీ పండు కోత. పండు తొక్క తీసి కడగడానికి బోలెడు నీళ్లు కావాలి. అప్పుడూ ఊట మీదే భారం.

ఆ సాయంత్రం ఇంట్లో ఇదే మాట నడుస్తుంటే, అంతవరకూ పొయ్యి దగ్గర ఉన్న వాళ్లమ్మ ఒక్క మాట అంది. "ఊట ఎండితే ఆళ్లు బస్సెక్కి ఎల్లిపోతారు. మనం ఏటెక్కి ఎల్తాం?"

ఆ తర్వాత ఎనిమిది గదుల మాట ఎవరూ ఎత్తలేదు. మిత్రులారా, మీరు ఎక్కడ కట్టాలనుకున్నా ఏప్రిల్, మే నెలల్లో ముందు బకెట్ పట్టుకెళ్లండి. మీ తోటకి ఎంతమంది అతిథులు పడతారో ఊట చెబుతుంది, బ్యాంకు చెప్పదు.

చోటు ఎంచుకోవడం

మనలో చాలామంది పొలంలో సమతల రేఖలు గీయడానికి ఏ-ఫ్రేమ్ వాడుతున్నారు. మూడు కర్రలు, ఒక తాడు, ఒక రాయి. అదే ఏ-ఫ్రేమ్ గది గుర్తు పెట్టడానికీ పనికొస్తుంది. కందకం ఎలా కొండకి అడ్డంగా, ఒకే ఎత్తులో పోతుందో గది పొడవు కూడా అలాగే పోవాలి. వాలు దిశలో పొడవుగా కడితే తవ్వకం, నింపడం రెండూ పెరుగుతాయి. లారీ బేకర్ గారు కూడా వాలు నేల మీద ఇల్లు సమతల రేఖ వెంటే పెట్టమనేవారు. ఇంగ్లండ్‌లో పుట్టిన ఆయన మన దేశం వచ్చి, కేరళలో స్థిరపడకముందు హిమాలయాల్లో పితోరాగఢ్‌లో ఏళ్లతరబడి ఉండి, అక్కడి రాయితో, అక్కడి పనివాళ్లతో కట్టారు. కొండ ఆయనకి పుస్తకంలో తెలిసింది కాదు.

చోటు చూసేటప్పుడు ఈ గుర్తులుంటే ఆ చోటు వదిలెయ్యండి.

- చెట్ల మొదళ్లు కిందకి వంగి, పైన మళ్లీ నిటారుగా లేచి ఉండటం. అక్కడ నేల మెల్లగా జరుగుతోందని అర్థం.
- నేలలో కొండకి అడ్డంగా బీటలు.
- కంచె రాళ్లు, స్తంభాలు ఒకే వైపుకి ఒరిగిపోవడం.
- ఇదివరకు పొడిగా ఉన్నచోట కొత్తగా చెమ్మ ఊరడం.
- పాత వాగు దారి, ఎండిపోయినట్టు కనిపించినా సరే.

నిటారు వాలు మీద అసలు వద్దు. మావాడి తోటలో అందరికీ నచ్చిన "వ్యూ" ఉన్న చోటు అలాంటిదే. అక్కడ ఒక బల్ల వేశాం, గది వెయ్యలేదు. గదులు అక్కడికి నలభై అడుగుల వెనక, ఎప్పుడో తాతల నాటి రాతిగట్టు మీద వచ్చాయి. కాఫీ తాగడానికి అతిథి నలభై అడుగులు నడిస్తే నష్టమేమీ లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మనం ప్రకృతి వ్యవసాయంలో వాన నీటిని ఎక్కడికక్కడ ఇంకించాలంటాం. పొలంలో అది సరైనదే. కానీ గదికి ఎగువన, వాలు ఎక్కువున్నచోట ఇంకుడు కందకం తవ్వకండి. ఆ నీళ్లు మట్టిలోకి దిగి, గది వెనక మట్టినే బరువెక్కిస్తాయి. ఎగువన తవ్వేది నీళ్లని పక్కకి నడిపించే కాలువ అయి ఉండాలి. వంద అడుగులకి ఒక అడుగు వాలు చాలు. ఆ నీళ్లని గదికి దూరంగా తీసుకెళ్లి, గడ్డి, వట్టివేరు ఉన్నచోట వదలాలి. వట్టివేరు వేళ్లు రెండు మూడు మీటర్లు కిందికి పోతాయి, మట్టిని పట్టి ఉంచుతాయి. ఇంకించే పని అక్కడ చేసుకోండి.

దారి సంగతి కూడా. కొండ మీద బిల్డింగు కన్నా, ఆ బిల్డింగుకి లారీ రావడానికి వేసే రోడ్డే కొండని ఎక్కువ తినేస్తుంది. మావాడి గదులకి రోడ్డు లేదు. కాలిబాట ఉంది. తలమీద మోసుకురాగలిగిన సామానుతోనే కట్టాలి అని ఒక నియమం పెట్టుకున్నాం. ఆ ఒక్క నియమంతో సగం డిజైను తేలిపోయింది.

బరువు ఎంత?

ఐదంగుళాల మందం శ్లాబు వంద చదరపు అడుగులకి దాదాపు 3 టన్నులు ఉంటుంది. కాంట్రాక్టరు చెప్పిన బిల్డింగు 1,500 చదరపు అడుగులు. ఒక్క కప్పే 44 టన్నుల దాకా. దాని కింద గోడలు, బీములు, నీళ్ల ట్యాంకు వేరే. అదే వంద చదరపు అడుగుల మీద వెదురు, కర్ర, మంగళూరు పెంకు వేస్తే ముప్పావు టన్నుకి అటూ ఇటూ. నాలుగో వంతు.

బరువు తగ్గితే పునాది తగ్గుతుంది. పునాది తగ్గితే తవ్వకం తగ్గుతుంది. మావాడివి రెండు గదులు, ఒక్కోటి 10 అడుగులకి 12 అడుగులు, ముందు పొడవునా వసారా. నేలని చదును చెయ్యలేదు. రాతి దిమ్మల మీద కర్ర స్తంభాలు నిలబెట్టి, వాటి మీద గచ్చు బదులు చెక్క నేల వేశాం. ఎగువ వైపు స్తంభం అడుగున్నర, దిగువ వైపు నాలుగడుగులు. కింద నుంచి వాన నీళ్లు, గాలి, కప్పలు, పాములు వాటి దారిన అవి పోతాయి. దిమ్మల అడుగున గట్టి నేల తగిలేదాకా గుంట తీసి కొంచెం కాంక్రీటు వేశాం. అంతమేరకే సిమెంటు.

తేలిక అయితే ఇంకో చిక్కు ఉంది. తుఫాను గాలి. బరువైన శ్లాబుని గాలి ఏమీ చెయ్యలేదు, తేలిక కప్పుని ఎత్తి పడేస్తుంది. అందుకని కప్పు రెండు వాలులు కాకుండా నాలుగు వాలులుగా వేశాం, గాలికి అది బాగా నిలబడుతుంది. వాలు సుమారు 30 డిగ్రీలు. దిమ్మ నుంచి స్తంభానికి, స్తంభం నుంచి దూలానికి, దూలం నుంచి వాసానికి ఇనుప పట్టీ, బోల్టు ఎక్కడా తెగకుండా ఉండాలి. అంచు వరసల పెంకులకి తీగ కట్టాలి. వసారా కప్పు, గది కప్పు విడివిడిగా ఉండాలి. గాలి ముందు వసారాని పట్టుకుంటుంది, అది పోయినా గది కప్పు మిగులుతుంది.

గోడలు, వెదురు

గోడలకి మట్టి, వెదురు తడిక. ఇది కొత్తగా మేం కనిపెట్టిందేమీ కాదు, ఆ ఊళ్లో పాత ఇళ్లన్నీ అలాగే ఉన్నాయి. తడిక అల్లి, రెండు వైపులా మట్టి మెత్తి, ఎండాక పేడతో అలకడం. మట్టిలో వరిగడ్డి ముక్కలు కలిపి మూడు నాలుగు రోజులు నానబెట్టి తొక్కాలి. ఘనజీవామృతం చేసే చేతులకి ఈ పని చెప్పనక్కర్లేదు. పగలు ఎండకి మెల్లగా వేడెక్కి, రాత్రి చలికి మెల్లగా చల్లారుతుంది. డిసెంబరు రాత్రి ఆ గదిలో పడుకుంటే తేడా తెలుస్తుంది.

మట్టి గోడకి శత్రువు నీళ్లు. పైనుంచి పడేది, కింద నుంచి చిందేది. అందుకే చూరు కనీసం మూడడుగులు బయటికి రావాలి. గోడ నేలని తాకకూడదు.

వెదురు మూడేళ్లు దాటింది కొట్టాలి, వానలు వెళ్లాక చలికాలంలో కొట్టాలి. లేతది, వానాకాలంది కొడితే తీపి ఎక్కువ ఉండి పురుగు తొలిచేస్తుంది. పాతవాళ్లు వాగులో వారాలపాటు నానబెట్టేవారు, ఆ తీపి పోవడానికే. ఇప్పుడు 100 లీటర్ల నీళ్లకి 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి, గణుపులకి లోపల చిల్లు పొడిచి, వారం పది రోజులు నానబెడుతున్నారు. తర్వాత నీడలో ఆరబెట్టాలి. "ఇది రసాయనం కాదా" అని అడుగుతారు. రసాయనమే. ఎక్కువ విషం కాదు గానీ, మిగిలిన నీళ్లు మాత్రం తోటలో పారబొయ్యకండి. బోరాన్ ఎక్కువైతే మొక్క ఆకు అంచులు మాడిపోతాయి. ఆ నీళ్లనే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. రసాయనం వద్దే వద్దనుకుంటే వాగు పద్ధతి ఉంది. వెదురు ముందుగా మార్చాల్సి వస్తుంది, అంతే.

కర్రకి కొత్త చెట్టు కొట్టలేదు. తోటలో పడిపోయిన సిల్వర్ ఓక్ వాడాం. బాగా ఆరబెట్టి, పురుగు మందు పూత పెడితే లోపలి పనులకి సరిపోతుంది. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలనుకుంటే ముందు అటవీ శాఖ అనుమతి సంగతి కనుక్కోండి.

ఒక హెచ్చరిక. వీడియోల్లో హిమాలయాల గుడిసెలు చూసి, నేల దాకా వాలిన ఏ ఆకారం కప్పులు ఇక్కడ కట్టేస్తున్నారు. ఆ వాలు మంచు జారిపోవడానికి. మాకు మంచు తెర కమ్ముతుంది గానీ కప్పు మీద మంచుగడ్డ పేరుకోదు. హిమాచల్‌లో కాఠ్-కుణీ అని, ఒక వరస కర్ర ఒక వరస రాయి పేర్చి, మధ్యలో సున్నం కూడా లేకుండా కడతారు. భూకంపాలకి అది ఊగుతుంది గానీ తేలిగ్గా కూలదు. కాంగ్రా లోయలో దీదీ కాంట్రాక్టర్ గారు, వాస్తుశిల్పం ఏ కాలేజీలోనూ చదవకుండానే, అక్కడి మట్టి, వెదురు, పలకరాయితో ఎన్నో ఇళ్లు కట్టించారు. నారీశక్తి పురస్కారం అందుకున్నారు, 2021లో పోయారు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఆ ఆకారం కాదు. అక్కడ దొరికేదానితో, అక్కడి వానకి, అక్కడి చేతులతో కట్టడం నేర్చుకోవాలి.

మరుగుదొడ్డి, స్నానం నీళ్లు

అందమైన గదులు కట్టి ఇక్కడ తప్పిపోతారు. మరుగుదొడ్డి ఎప్పుడూ ఊటకి ఎగువన ఉండకూడదు. మావాడి ఊట తోటకి దిగువన ఉంది కాబట్టి ఇది పెద్ద తలనొప్పి అయింది. చివరికి కొండ మలుపు అవతలి వైపు, నీటివాలు వేరే వైపు పోయే చోట కట్టాం. గది నుంచి కొంచెం దూరం. రెండు గుంటల పద్ధతి. ఒక గుంట నిండాక మూసేసి రెండోది వాడతారు. మూసిన గుంట ఏడాదిన్నర, రెండేళ్లు కదపకుండా ఉంచితే వాసన లేని మట్టి అవుతుంది. దాన్ని నీడ చెట్ల మొదట్లో వెయ్యొచ్చు. గుంటలో ఫినాయిల్, యాసిడ్ పొయ్యకూడదు, పోస్తే పని చేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఈ ముక్క మన రైతులకి ఇట్టే అర్థమవుతుంది, అతిథులకే చెప్పాలి.

స్నానానికి షవరు లేదు. బకెట్, చెంబు, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు. సబ్బు బదులు కుంకుడుకాయ, శీకాయ, సున్నిపిండి పెడుతున్నారు. ఆ నీళ్లు గులకరాళ్ల కాలువ గుండా అరటి, మెట్టతామర మొక్కలకి పోతాయి. ఇలా చేస్తే మనిషికి 70 లీటర్లలో సరిపోతోంది.

కప్పు మీద వాన నీళ్లు కూడా పట్టుకుంటున్నారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. వసారాతో కలిపి 50 చదరపు మీటర్ల కప్పు. ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు పడితే 60,000 లీటర్లు, అయిదో వంతు పోయినా 48,000. అంతా దాచలేం. 10,000 లీటర్ల తొట్టి కట్టాం. నలుగురు అతిథులకి రోజుకి 280 లీటర్ల చొప్పున 35 రోజులు. కాఫీ కడిగే రోజుల్లో ఊట మీద చెయ్యి పెట్టకుండా గడిచిపోతుంది.

వెలుతురు

దీపపు ఎర పెట్టినవాళ్లకి తెలుసు, రాత్రి వెలుగు పురుగుల్ని ఎంత దూరం నుంచి లాగుతుందో. అది శత్రుపురుగునే కాదు, మిత్రపురుగునీ లాగుతుంది. తెల్లటి పెద్ద లైట్లు తోటలో పెడితే మిణుగురులు కనిపించవు, పరాగసంపర్కం చేసే రాత్రి పురుగులు లైటు చుట్టూ తిరిగి చస్తాయి. పసుపు రంగు చిన్న బల్బులు, మోకాలి ఎత్తులో, కిందకి చూసేలా, దారి కనపడేంత చాలు. తొమ్మిదికి ఆపెయ్యాలి. మావాడి అతిథులు ఎక్కువ మెచ్చుకుంటున్నది ఈ చీకటినే, విచిత్రంగా.

భూమి చట్టం

మైదానం నుంచి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగేది ఇదే. "అరకులో ఎకరం కొని కాటేజీలు వేద్దామా?" కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణని ఇంకా గట్టిపరిచింది. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టాలు వారసులకి పోతాయి గానీ అమ్మడానికి వీల్లేదు. 1996 పీసా చట్టం గ్రామసభకి తన వనరుల మీద మాట చెప్పే అధికారం ఇచ్చింది. "పేరు వాళ్లది, డబ్బు మనది" అనే దొంగదారి గురించి నన్ను అడగకండి. ఆ దారిలో భూమి పోయేది ఎప్పుడూ కొండ మీద వాళ్లకే.

మావాడు తన పట్టా భూమిలోనే కట్టినా, ఊరి సభలో పెట్టాడు. వేసవిలో నలుగురికి మించి అతిథులు ఉండకూడదని, ఊట వారానికోసారి బకెట్‌తో కొలిచి రాయాలని, బకెట్ నిండటానికి 4 నిమిషాలు దాటిన రోజు నుంచి గదులు మూసెయ్యాలని ఊరే నిర్ణయించింది. ఆ కొలత పుస్తకం వాళ్లమ్మ దగ్గర ఉంటుంది. ఆమెకి చదువు రాదు, మనవరాలు రాసిపెడుతుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా

అంతా పూలబాటే అని చెబితే మీరు నమ్మకండి. మట్టి గోడ ఏటా పండగ ముందు అలకాలి, వాన కొట్టిన చోట మళ్లీ మెత్తాలి. పెంకు కోతులు కదుపుతాయి, ఏటా సర్దాలి. రాత్రి బల్లి కనిపించిందని అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లున్నారు. దూరంగా ఉన్న మరుగుదొడ్డి చూసి వెనక్కి వెళ్లిపోయిన కుటుంబం ఉంది. కాలు నొప్పులున్న పెద్దవాళ్లకి కాలిబాట కష్టం. తడిక అల్లే పెద్దాయన ఊళ్లో ఒక్కడే మిగిలాడు. ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకుంటున్నారు గానీ, వాళ్లకి ఏడాది పొడుగునా పని దొరకాలి కదా.

ఆదాయం కూడా ఎనిమిది గదులంత రాదు. రెండు గదుల డబ్బు రెండు గదులదే. కానీ బ్యాంకు వాయిదా లేదు. కట్టుబడి కూలీ ఊళ్లోనే ఉండిపోయింది. అతిథి తిన్న రాగి అంబలి, పనసకూర, తాగిన కాఫీ తోటవే. వెళ్లేటప్పుడు మిరియాలు, పసుపు, కాఫీ గింజలు దళారీ లేకుండా కొనుక్కుపోతున్నారు. గది అద్దె కన్నా ఆ అమ్మకమే తనకి ఎక్కువ ధైర్యం ఇస్తోందంటాడు మావాడు. నా దృష్టిలో రైతుకి గది అంటే పంటకి పెట్టుకున్న కిటికీ. గదే పంట అయిపోతే తోట పోతుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. పక్క కొండ మీద వేరే చోట జేసీబీ దిగింది. ఆ కోత మావాడి వసారాలోంచే ఎర్రగా కనిపిస్తుంది, వీడియోలో ఒకచోట మీకూ కనపడుతుంది. ఒక్క రైతు జాగ్రత్తగా కట్టినంత మాత్రాన కొండ నిలబడిపోదు. ఒకే ఊట తాగే ఊళ్లన్నీ కలిసి కూచుని, ఎంతమంది, ఎన్ని గదులు, ఎక్కడ అని లెక్క తేల్చుకోవాలి. వచ్చే నెల ఆ రెండు ఊళ్ల పెద్దలు కూచుంటామన్నారు. ఏం తేలుతుందో నాకు తెలియదు. బకెట్ కొలతల పుస్తకం మాత్రం తీసుకెళ్తున్నారు.

మీ తోటలో గది ఆలోచన ఉంటే ఇంజనీరు దగ్గరకి పోయే ముందు మూడు పనులు చెయ్యండి. ఒకటి, ఏప్రిల్‌లో ఊట గానీ బావి గానీ కొలిచి రాయండి. రెండు, పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఆ చోటుకి వెళ్లి, నీళ్లు ఎటునుంచి ఎటు పోతున్నాయో మీ కళ్లతో చూడండి. మూడు, ఆ చోటు గురించి ఊళ్లో అందరికన్నా పెద్దావిడని అడగండి. ఈ మూడూ అయ్యాక ఫోన్ చెయ్యండి, కూచుని మాట్లాడుకుందాం.